నాడి పట్టడానికి ముందు అడిగే ప్రశ్నలు

2021 మే నెలలో, కరోనా రెండో ఉధృతి నగరాన్ని ముంచెత్తుతున్న రోజుల్లో, నాచారం పక్కనే ఉన్న మల్లాపూర్‌కు చెందిన ఒక నిండు గర్భిణిని కుటుంబసభ్యులు ఆసుపత్రుల చుట్టూ తిప్పారు. కరోనా సోకిందేమోనన్న అనుమానంతో ఒకదాని తర్వాత ఒకటిగా ఆసుపత్రులు ఆమెను చేర్చుకోలేదని నాటి పత్రికలు రాశాయి. చివరకు తల్లీ దక్కలేదు, కడుపులోని బిడ్డా దక్కలేదు. కొద్ది రోజులు చర్చ జరిగింది. ఆ తర్వాత కరోనా మరణాల లెక్కల్లో ఆ విషాదమూ కలిసిపోయింది.

ఆ మరణానికి కులమే కారణమని చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. అలా చెప్పడానికి ఆధారం లేదు. అయితే, ఆధారం ఎందుకు లేదన్నదే అసలు ప్రశ్న. ఆసుపత్రి గుమ్మం ముందు ఎవరు ఎంతసేపు నిలబడ్డారు, ఎవరిని ఏ కారణం చెప్పి వెనక్కి పంపారు, ఆ పంపివేతల్లో ఏ బస్తీల వారు, ఏ కులాల వారు, ఏ మతం వారు ఎక్కువగా ఉన్నారు అన్న వివరాలను నమోదు చేసే పుస్తకం ఏ ఆసుపత్రిలోనూ కనిపించదు. చేర్చుకున్న రోగికి కేసు షీటు ఉంటుంది. వెనక్కి పంపిన రోగికి ఏ కాగితమూ ఉండదు. కాగితం లేని చోట వివక్ష లేదని వాదించడం చాలా సులువు.

అత్యవసర వైద్యంలో కులం ప్రసక్తి ఏమిటని చదువుకున్నవారు ఆశ్చర్యపోతుంటారు. 'నెత్తురు కారుతుంటే కులం ఎవరు చూస్తారు?' అన్నది తరచుగా వినిపించే మాట. చరిత్ర తెలిసినవారు ఆ మాట అంత తేలికగా అనలేరు. డాక్టర్ అంబేద్కర్ 'వీసా కోసం నిరీక్షణ'లో తన స్వానుభవాలతో పాటు ఒక దళిత ఉపాధ్యాయుడి ఉత్తరాన్నీ చేర్చారు. ఆ ఉత్తరం 1929 డిసెంబర్ 12 నాటి 'యంగ్ ఇండియా'లో వెలువడింది. కాఠియావాడ్‌లో ప్రసవమైన కొద్ది రోజులకే ఆ ఉపాధ్యాయుడి భార్య జబ్బుపడింది. డాక్టరు ముందు వాడలోకి రానన్నాడు. పెద్దమనుషులు చెప్పాక, బాలింతను వాడ బయటకు తీసుకొస్తే చూస్తానన్నాడు. ఫీజు తీసుకున్నాడు. ఉష్ణమాపకాన్ని మాత్రం ఆమెకు నేరుగా అందించలేదు. దాన్ని ఒక ముస్లింకు ఇస్తే, ఆయన భర్తకు ఇచ్చాడు, భర్త ఆమె నోట పెట్టాడు. మళ్లీ అదే వరుసలో అది డాక్టరు చేతికి చేరింది. దీపం వెలుతురులో దూరం నుంచే చూసి న్యుమోనియా అని తేల్చాడు. ఆమె బతకలేదు.

ఈ ఉదంతంలో గమనించవలసింది డాక్టరు వైద్యం చేయనని చెప్పలేదన్నది. వచ్చాడు, చూశాడు, జబ్బు పేరూ చెప్పాడు. కాని ముట్టుకోలేదు. అత్యవసర వైద్యంలో సగభాగం స్పర్శే. నాడి చూడాలి, పొట్ట నొక్కి చూడాలి, గాయం విప్పి కుట్టాలి. అందువల్ల అంటరానితనం అనే ఆచారానికీ అత్యవసర వైద్యానికీ మధ్య ఘర్షణ మొదటి నుంచీ ఉన్నదే. నేటి నగరంలో ఉష్ణమాపకం చేతులు మారుతూ తిరగదు. వివక్ష మరింత మర్యాదైన రూపాలు తొడుక్కుంది.

నగరంలోని ఏ క్యాజువాల్టీలోనైనా ఒక పూట నిలబడి వింటే ఆ రూపాలు తెలుస్తాయి. మొదటిది సంబోధన. తెలుగులో 'మీరు', 'నువ్వు' అన్న రెండు మాటల మధ్య ఉన్న దూరం వ్యాకరణానికి సంబంధించినది మాత్రమే కాదు. ఇస్త్రీ చొక్కాతో వచ్చిన రోగికి 'మీకు నొప్పి ఎప్పుడు మొదలైంది?' అన్న ప్రశ్న ఎదురవుతుంది. సిమెంటు అంటిన చేతులతో వచ్చినవాడికి 'ఏం చేసుకున్నావు? తాగావా?' అన్న ప్రశ్న ఎదురవుతుంది. మొదటి ప్రశ్న రోగ నిర్ధారణకు దారితీస్తుంది. రెండోది రోగిని దోషిగా నిలబెడుతుంది. తలకు దెబ్బ తగిలి మాట తడబడుతున్న మనిషిని 'తాగి పడ్డాడు' అని ఒక పక్కన పడుకోబెడితే, మెదడులో రక్తస్రావం జరుగుతున్నదని గుర్తించే గంట చేజారిపోతుంది. ఇక్కడ ఎవరూ కులం పేరు ఎత్తలేదు. ఎత్తవలసిన అవసరమూ లేదు. పేరు, యాస, బస్తీ, చేసే పని, వెంట వచ్చిన మనిషి తీరు అన్నీ కలిసి చెప్పవలసింది చెప్పేస్తాయి.

రెండోది నొప్పి. ఎవరి నొప్పిని నమ్మాలి, ఎవరు 'ఓర్చుకోగలరు' అన్న నిర్ణయం క్షణాల్లో, ఆలోచనకు అందకుండా జరిగిపోతుంది. ఈ విషయాన్ని లెక్క కట్టిన దేశాలు ఉన్నాయి. లాస్ ఏంజెలిస్‌లోని ఒక అత్యవసర విభాగంలో ఎముకలు విరిగిన రోగులపై జరిపిన అధ్యయనం 1993లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో వెలువడింది. శ్వేతజాతి రోగుల్లో 26 శాతం మందికి నొప్పి మందు ఇవ్వకపోతే, హిస్పానిక్ రోగుల్లో 55 శాతం మందికి ఇవ్వలేదు. 2000లో అట్లాంటాలో నల్లజాతి రోగులపై జరిపిన అధ్యయనంలోనూ ఇదే ధోరణి బయటపడింది. నొప్పి మందు అందినవారు శ్వేతజాతీయుల్లో 74 శాతం, నల్లజాతీయుల్లో 57 శాతం. ఆ డాక్టర్లందరూ జాత్యహంకారులని ఆ అధ్యయనాలు తేల్చలేదు. దురుద్దేశం లేని చేతుల మీదుగా కూడా వివక్ష జరుగుతుందని తేల్చాయి. మన దేశంలో కూలి పనులు చేసే కులాల ఒళ్లు 'గట్టిది' అన్న నమ్మకం తరతరాలుగా ఉన్నది. ఆ నమ్మకం ఆసుపత్రి గడప దాటి లోపలికి రాదని ఎవరు హామీ ఇవ్వగలరు?

ఇక ఉప్పల్, నాచారం ప్రాంతాల సంగతి చూద్దాం. నాచారం, మల్లాపూర్, చర్లపల్లి, ఉప్పల్ పారిశ్రామికవాడలు నగరపు తూర్పు అంచును కార్మిక ప్రాంతంగా మార్చాయి. నల్లగొండ, మహబూబ్‌నగర్, వరంగల్ పల్లెల నుంచి భూమి లేక వచ్చినవారు, బిహార్, ఒడిశాల నుంచి వచ్చినవారు ఇక్కడి యంత్రాల మీద పనిచేస్తున్నారు. యంత్రంలో చెయ్యి నలగడం, రసాయనాలు మీద పడటం, ఎత్తు నుంచి జారిపడటం ఈ వాడల్లో ఎదురయ్యే ప్రమాదాలు. దీనికి తోడు వరంగల్ రహదారి. ఉప్పల్ నుంచి నారపల్లి వరకు 2018లో మొదలుపెట్టిన ఎలివేటెడ్ కారిడార్ పనులు ఏళ్ల తరబడి సాగడంతో, గుంతలు పడిన ఆ దారిలో అంబులెన్స్ ప్రయాణమే ఒక పరీక్షగా మారింది. పెద్ద ప్రభుత్వ ఆసుపత్రి అంటే గాంధీ లేదా ఉస్మానియా. రెండూ పది కిలోమీటర్ల దరిదాపుల్లో, నగరపు రద్దీకి ఆవల ఉన్నాయి. ఎల్బీనగర్ వైపు నిర్మించతలపెట్టిన టిమ్స్‌కు 2022 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగింది. గాయపడినవాడికి శంకుస్థాపన ఫలకం పనికిరాదు.

నాచారంలోనే ఈఎస్ఐ ఆసుపత్రి ఉన్నది. 1948 నాటి ఈఎస్ఐ చట్టం స్వతంత్ర భారతదేశం కార్మికుడికి ఇచ్చిన తొలి పెద్ద హామీల్లో ఒకటి. వైస్రాయి కౌన్సిల్‌లో కార్మిక సభ్యుడిగా అంబేద్కర్ పనిచేసిన కాలంలోనే ఈ ఆరోగ్య బీమా ఆలోచన రూపుదిద్దుకున్నది. కార్మికుడి వేతనం నుంచి 0.75 శాతం, యజమాని నుంచి 3.25 శాతం చొప్పున ఈ వ్యవస్థకు సొమ్ము చేరుతున్నది. అంటే ఇది దానం కాదు, కార్మికుడు ముందుగానే చెల్లించిన వైద్యం. అటువంటి సొమ్ముతో నడిచే మందుల కొనుగోళ్లలో కుంభకోణం జరిగిందంటూ 2019 సెప్టెంబర్‌లో రాష్ట్ర బీమా వైద్య సేవల విభాగం ఉన్నతాధికారులను ఏసీబీ అరెస్టు చేసింది. ఆ ఆరోపణల మాట న్యాయస్థానాలు తేలుస్తాయి. కాని మందుల చీటీ పట్టుకొని వరుసలో నిలబడ్డ కార్మికుడు ఆ వార్తను ఎలా చదివి ఉంటాడో ఊహించవచ్చు.

ఈఎస్ఐ అన్న పేరుకు వైద్యశాస్త్రంలో మరో అర్థం కూడా ఉన్నది. అత్యవసర విభాగానికి వచ్చిన రోగులను వారి తీవ్రతను బట్టి ఐదు స్థాయులుగా విభజించే పద్ధతినీ 'ఎమర్జెన్సీ సివియరిటీ ఇండెక్స్' పేరిట ఈఎస్ఐ అనే అంటారు. 1990ల చివర్లో అమెరికాలో రూపొందిన ఈ పద్ధతి అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే: ఈ మనిషి ప్రాణం నిలవాలంటే ఇప్పటికిప్పుడు ఏదైనా చేయాలా? పేరు, కార్డు, బీమా నంబరు ఆ తర్వాత. మన దగ్గర ఈఎస్ఐ అంటే కార్డు మాత్రమే. వేతనం నెలకు 21,000 రూపాయల లోపు ఉండాలి, పనిచేసే చోట కనీసం పది మంది ఉండాలి, యజమాని పేరు నమోదు చేసి ఉండాలి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లేకున్నా నాచారం కార్మికుడు నాచారం ఆసుపత్రికి పరాయివాడే. ఆరుగురు పనిచేసే చిన్న షెడ్డులో వేలు తెగిన కుర్రాడు, ఇళ్లలో పాచిపని చేసే స్త్రీ, అడ్డా మీద నిలబడే కూలీ ఈ గీతకు అవతలే ఉంటారు. అవతల ఉన్నవారు ఏ కులాల వారో రాష్ట్రంలో కులాల పొందిక తెలిసిన వారెవరికీ వివరించి చెప్పనక్కర లేదు.

గాయాన్ని బట్టి కాకుండా గాయం ఎలా తగిలిందన్న దాన్ని బట్టి వైద్యం అందే పరిస్థితి మరోచోటా కనిపిస్తుంది. సుప్రీంకోర్టు ఒత్తిడి మేరకు కేంద్రం 2025 మే నెలలో రోడ్డు ప్రమాద బాధితులకు నగదు రహిత వైద్య పథకాన్ని ప్రకటించింది. ఏడు రోజుల వరకు, లక్షన్నర రూపాయల దాకా వైద్యం అందాలి. ఇది ఆహ్వానించదగిన నిర్ణయం. ఉప్పల్ రింగురోడ్డు మీద బైకు ఢీకొట్టిన మనిషికి ఈ హామీ వర్తిస్తుంది. అదే రోడ్డు పక్కన మురుగుకాల్వలో దిగి విషవాయువు పీల్చిన మనిషికి వర్తించదు. 2021 ఆగస్టులో ఎల్బీనగర్ పరిధిలోని సాహెబ్‌నగర్‌లో మ్యాన్‌హోల్‌లోకి దిగిన ఇద్దరు కాంట్రాక్టు కార్మికులు తిరిగి రాలేదు. మురుగులో చనిపోయినవారి కుటుంబాలకు ఇవ్వవలసిన పరిహారాన్ని సుప్రీంకోర్టు 2014లో పది లక్షలుగా, 2023 అక్టోబర్‌లో ముప్పై లక్షలుగా నిర్ణయించింది. పరిహారం పెరగడం న్యాయమే. కాని విషవాయువు కమ్మినప్పుడు నిమిషాల్లో మెదడు దెబ్బతింటుంది. ప్రాణవాయు పరికరాలతో లోపలికి దిగగల రక్షక బృందం అక్కడికి ఎన్ని నిమిషాల్లో చేరాలన్న నియమం గురించి జరిగిన చర్చ ఎంత? ఆ పనిలోకి దిగేది ఎవరో తెలుసు కనుకనే ఆ అత్యవసరం అత్యవసరంగా కనిపించడం లేదు.

చట్టాలు లేవా అంటే, కొరత లేదు. ప్రమాదంలో గాయపడిన వ్యక్తిని పోలీసు కేసు పేరు చెప్పి వెనక్కి పంపరాదని, ప్రాణం కాపాడటమే ప్రతి డాక్టరు తొలి బాధ్యత అని పరమానంద్ కటారా కేసులో 1989లోనే సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. 1992లో రైలు నుంచి పడి తలకు తీవ్ర గాయమైన హకీం షేక్ అనే బెంగాల్ వ్యవసాయ కూలీని ప్రభుత్వ ఆసుపత్రులు ఒకదాని తర్వాత ఒకటి పడకలు లేవంటూ తిప్పి పంపాయి. పశ్చిమ బంగ ఖేత్ మజ్దూర్ సమితి వేసిన ఆ కేసులో 1996లో తీర్పు చెబుతూ, సకాలంలో వైద్యం నిరాకరించడం 21వ అధికరణం ప్రసాదించిన జీవించే హక్కును ఉల్లంఘించడమేనని, నిధుల కొరత సాకు కాజాలదని న్యాయస్థానం తేల్చింది. 1955 నాటి పౌరహక్కుల పరిరక్షణ చట్టంలోని 5వ సెక్షన్ అంటరానితనం కారణంగా ఆసుపత్రిలో ప్రవేశం నిరాకరించడాన్ని నేరంగా పరిగణిస్తున్నది. 2016 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన సవరణలతో ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలోనూ ఆసుపత్రి ప్రవేశాన్ని అడ్డుకోవడం నేరాల జాబితాలో చేరింది. అయినా ఇవన్నీ రుజువును కోరతాయి. 'పడక లేదు', 'డాక్టరు లేరు', 'గాంధీకి తీసుకెళ్లండి' అన్న మాటలను ఏ సెక్షన్ కింద రుజువు చేయాలి? మర్యాదగా చెప్పిన 'లేదు'ను పట్టుకోవడానికి శిక్షాస్మృతి చాలదు, లెక్క కావాలి.

ఇక్కడే ప్రధానమైన అభ్యంతరం ఎదురవుతుంది. ఆసుపత్రిలో కులం అడిగితే లేని కులతత్వాన్ని తెచ్చిపెట్టినట్లు కాదా? ఈ సందేహాన్ని కొట్టిపారేయలేం. నాడి పట్టే డాక్టరుకు రోగి కులం తెలియవలసిన అవసరం లేదు, తెలియకూడదు కూడా. కాని చికిత్స పూర్తయిన తర్వాత, రోగి ఇష్టపూర్వకంగా, వేరే చోట, వేరే సిబ్బంది ద్వారా ఆ వివరాలు సేకరించి పేర్లు తొలగించి విశ్లేషించవచ్చు. వచ్చిన సమయం, డాక్టరు చూసిన సమయం, నొప్పి మందు ఇచ్చిన సమయం, మరోచోటికి పంపితే ఆ కారణం — ఈ నాలుగు అంశాలను సామాజిక వర్గాల వారీగా పక్కపక్కన పెట్టి చూస్తే చాలు. తేడా లేకుంటే డాక్టర్లకే గౌరవం. ఉంటే దిద్దుకునే దారి దొరుకుతుంది. 2024-25 సర్వేలో ఇంటింటికీ తిరిగి బీసీలు 56.33 శాతం, ఎస్సీలు 17.43 శాతం, ఎస్టీలు 10.45 శాతం అని తేల్చిన రాష్ట్రానికి ఈ పని అసాధ్యం కాదు. దేశంలోని తొమ్మిది రాష్ట్రాల సమాచారంతో 2022లో వెలువడిన ఒక పరిశోధన, అగ్రవర్ణ హిందువులతో పోలిస్తే ఆదివాసుల ఆయుర్దాయం నాలుగేళ్లకు పైగా, దళితుల ఆయుర్దాయం మూడేళ్లకు పైగా తక్కువని, ఆర్థిక స్థితి ఒక్కటే ఈ తేడాను వివరించలేదని చూపింది. ఆ తొమ్మిదింటిలో మన రాష్ట్రం లేదు. లెక్కించగల యంత్రాంగం ఉండి కూడా లెక్కించకపోవడం తటస్థత అనిపించుకోదు.

మరో వాదన కూడా ఉన్నది. డాక్టర్లు, నర్సులు తలకు మించిన భారంతో పనిచేస్తున్నారు, ఒక్క పడక మీద ఇద్దరిని పడుకోబెట్టే చోట సమానత్వం గురించి ఎలా మాట్లాడతారు? ఆ భారం నిజమే. అయితే వివక్ష ఎక్కువగా పనిచేసేది అటువంటి చోటే. అందరికీ సరిపడా ఉన్నప్పుడు ఎంపిక అవసరం ఉండదు. కొరత ఉన్నప్పుడు 'ముందు ఎవరు?' అన్న ప్రశ్నకు రాతపూర్వక నియమం లేకపోతే, ఎవరికి తెలిసినవారు ఉన్నారో, ఎవరు గట్టిగా మాట్లాడగలరో వారే ముందుకు వెళతారు. నియమం రోగికే కాదు, ఒత్తిడిలో ఉన్న డాక్టరుకూ రక్షణే.

ఆసుపత్రి లోపలి కులాన్నీ చూడాలి. నాడి పట్టే చేతులు ఒక వర్గానివి, నెత్తురూ మలమూత్రాలూ ఎత్తే చేతులు, శవాగారంలో పనిచేసే చేతులు మరో వర్గానివి అన్నది మన ఆసుపత్రుల్లో కళ్లకు కనబడే వాస్తవం. ఎయిమ్స్‌లో ఎస్సీ, ఎస్టీ విద్యార్థుల పట్ల వివక్షను థోరట్ కమిటీ 2007లోనే నమోదు చేసింది. 2019 మే నెలలో ముంబయిలో ఆదివాసీ వైద్యురాలు పాయల్ తడ్వీ కుల వేధింపుల ఆరోపణల మధ్య ప్రాణాలు తీసుకున్నారు. తోటి డాక్టరుకే దక్కని గౌరవం స్ట్రెచర్ మీద పడుకున్న అనామకుడికి దక్కుతుందని ఆశించడం కష్టం.

ఈ పరిస్థితి మారదా? మారిన ఉదాహరణలు ఉన్నాయి, అవి కింది నుంచి వచ్చాయి. అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో హిల్ డిస్ట్రిక్ట్ నల్లజాతి వాడకు పోలీసు వ్యాన్లు తప్ప అంబులెన్స్ దిక్కులేని కాలంలో, 1967లో అదే వాడ యువకులకు శిక్షణ ఇచ్చి 'ఫ్రీడమ్ హౌస్' అంబులెన్స్ సేవను ప్రారంభించారు. దారిలోనే చికిత్స చేసే ఆధునిక పద్ధతికి తొలి నమూనాల్లో అది ఒకటైంది. 1975లో నగరపాలక సంస్థ దాన్ని మూసివేసి, తన సేవలో ఆ యువకులను క్రమంగా పక్కకు నెట్టింది. సేవ మిగిలింది, దాన్ని నిర్మించినవారు మిగలలేదు. మన దగ్గరా, గుండెజబ్బు పిల్లలకు ప్రభుత్వమే శస్త్రచికిత్స చేయించాలంటూ మంద కృష్ణ మాదిగ నాయకత్వంలో ఎమ్మార్పీఎస్ సాగించిన ఆందోళన 2007 నాటి ఆరోగ్యశ్రీకి బాట వేసిన వాటిలో ముఖ్యమైనది. ఆరోగ్యశ్రీ గురించి గొప్పగా చెప్పే రాజకీయ నాయకుల నోట ఆ పిల్లలను భుజాన వేసుకొని రోడ్డెక్కిన దళితవాడల తల్లుల ప్రస్తావన అరుదుగా వినిపిస్తుంది.

అందువల్ల అడగవలసినవి స్పష్టంగా అడగాలి. ప్రభుత్వ, ప్రైవేటు తేడా లేకుండా ప్రతి అత్యవసర విభాగంలో తీవ్రతను బట్టి వరుసను నిర్ణయించే పద్ధతిని తెలుగు, ఉర్దూ, హిందీల్లో గోడ మీద రాయాలి. అడ్వాన్సు, కార్డు, పోలీసు కాగితం అడగడానికి ముందే ప్రాణాపాయం తప్పించాలి. వెనక్కి పంపిన ప్రతి రోగికీ సమయం, కారణం, సంతకంతో చీటీ ఇవ్వాలి. నాచారం ఈఎస్ఐ ఆసుపత్రిలో తొలి చికిత్స కార్డు ఉన్నా లేకున్నా అందాలి, ఖర్చు లెక్కలు ప్రభుత్వ శాఖలు తర్వాత తేల్చుకోవచ్చు. 108 వాహనం ఏ బస్తీకి ఎన్ని నిమిషాల్లో చేరిందో వార్డుల వారీగా ప్రకటించాలి. మురుగు పనికి మనిషిని దించడం ఆగే వరకు, ఆ పని జరిగే చోట రక్షక బృందం లేకపోవడాన్ని నేరంగా చూడాలి. క్యాజువాల్టీ సిబ్బందికి గుండె నొక్కడం నేర్పినంత శ్రద్ధగా రోగితో మాట్లాడటం నేర్పాలి. ఆ శిక్షణలో మొదటి పాఠం 'మీరు' అన్న మాట.

వీటిలో పెద్ద భవనాలు కోరేవి ఏవీ లేవు. ఒక గోడరాత, ఒక చీటీ, ఒక రిజిస్టరు, ఒక మర్యాద. విద్యార్థి సంఘాలు, కార్మిక సంఘాలు, కుల సంఘాలు రిజర్వేషన్ల కోసం, వర్గీకరణ కోసం పోరాడినంత పట్టుదలతో ఈ చీటీ కోసం కూడా పోరాడవలసి ఉన్నది. ఉద్యోగంలో వాటా దక్కాలంటే ముందు మనిషి బతికి ఉండాలి. మల్లాపూర్ తల్లిని తిప్పి పంపిన ప్రతి గుమ్మమూ ఆ రోజు ఒక చీటీ రాసి ఇవ్వవలసి వచ్చి ఉంటే, కనీసం ఒక గుమ్మం తలుపు తీసి ఉండేదేమో.